పోగొట్టుకొన్నది త్యాగం కాదు

వర్తకునకు రెండు విధాల నష్టాలున్నవి. సరుకు పోవడం ఒకటి. లెక్క పోవడం రెండవది. సరుకు పోయినవాడు కొంతకాలం ఇబ్బంది పడతాడు, మళ్ళీ కష్టపడి నిలదొక్కుకొంటాడు. లెక్క పోయినవాని సంగతి అట్లా కాదు. ఎవరికి ఎంత ఇవ్వవలెనో, ఎవరినుండి ఎంత రావలెనో తెలియనివాడు నిజం పలకదలచినా పలకలేడు. అతని మనస్సులో మోసం లేకపోవచ్చును. కాని నిజాయితీకి కావలసిన సాధనం అతని చేతినుండి జారిపోయినది. అందుకే నిప్పంటుకొన్న దుకాణంలోనుండి వివేకి అయిన వర్తకుడు గల్లాపెట్టెతోపాటు ఖాతా పుస్తకాలను కూడ బయటికి తెచ్చుకొంటాడు.

నేడు ఆ పుస్తకాలలో పెద్దభాగం అరచేతిలో ఇమిడే ఫోనులోనికి చేరినది. అరువు ఖాతా ఒక యాప్‌లో ఉంటుంది. ధర ఒప్పుకొన్న మాట వాట్సాప్ సందేశంగా ఉంటుంది. సరుకు పంపిన బిల్లు ఫోటోగా ఉంటుంది. బ్యాంకులోనికి వెళ్ళే దారి ఆ ఫోనుకు వచ్చే ఓటీపీ మీద ఆధారపడి ఉంటుంది. ఇంటి విషయం చూచినా అంతే. బళ్ళారిలో దుకాణం, బరంపురంలో వియ్యాలవారు, షోలాపురంలో అన్నదమ్ములు, యానాంలో మేనత్త — ఇట్లా నాలుగు చోట్ల చెదరిన కుటుంబాన్ని కలిపి ఉంచేది ఫోనులోని పేర్ల పట్టికే. కీర్తిశేషుడైన తండ్రి చివరిసారి పంపిన కంఠస్వరం, ఆడపిల్ల పెళ్ళి ఫోటోలు, మనుమని మొదటి నడక, అన్నీ అక్కడే ఉన్నవి.

ఇటువంటి ఫోనుకు సాఫ్ట్‌వేర్ మార్చవలసి వచ్చినప్పుడు, లేక మొదటినుండి తిరిగి ఎక్కించవలసి వచ్చినప్పుడు, లోపలి సమాచారం చెరిగిపోతే దానిని ఏమనవలె? "ఫోను పోగొట్టింది" అని కొందరంటారు. "మన రాత" అని మరికొందరంటారు. ఇంకొందరు కొంత వైరాగ్యం ధ్వనించేటట్లు "పోతే పోయినది, ఏది శాశ్వతం?" అంటారు. పైకి యంత్రవిషయంగా కనబడే ఈ సంగతిలో ధర్మవిచారం కూడ ఇమిడి ఉన్నది గనుక, ఈ మూడు మాటలలో ఎంత సత్యమున్నదో ఒక్కొక్కటిగా పరిశీలించడం మంచిది.

మొదటిది, "ఫోను పోగొట్టింది" అనే మాట. ఫోనులోని నిల్వస్థలం ఒకే గది కాదు. స్థూలంగా చెప్పవలెనంటే అందులో రెండు అరలున్నవి. ఒక అరలో ఫోనును నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. రెండవ అరలో వాడుకొనేవాని ఫోటోలు, సందేశాలు, ఖాతాలు ఉంటవి. తయారీ సంస్థ అప్పుడప్పుడు పంపే అప్‌డేటు మొదటి అరను మారుస్తుంది. రెండవ అరలోని సొత్తు సాధారణంగా ఉన్నదున్నట్లే ఉంటుంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుండి పలు ఫోనులలో మరొక జాగ్రత్త చేరినది. సాఫ్ట్‌వేర్ ఉండే అరనే రెండుగా చేసి, పాతది ఒకదానిలో నడుస్తూండగానే కొత్తదానిని రెండవదానిలో ఎక్కిస్తారు. కొత్తది సరిగా పనిచేయకపోతే ఫోను పాతదానితోనే మళ్ళీ మొదలవుతుంది. గమనించవలసినదేమంటే, ఇట్లా జతగా ఉండేది సంస్థవారి సాఫ్ట్‌వేరే. వాడుకొనేవాని సొత్తుకు అక్కడ జత లేదు. తమ వస్తువుకు సంస్థవారు తాము పూచీపడినారు. తక్కినదాని పూచీ యజమానికే వదలినారు.

అప్‌డేటు వేరు, తిరిగి ఎక్కించడం వేరు. ఫోను మాటిమాటికి ఆగిపోతున్నదనో, మందగించినదనో ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే రెండవ అర పూర్తిగా ఖాళీ అవుతుంది. తయారీ సంస్థ ఇవ్వని మరొక సాఫ్ట్‌వేర్ ఎక్కించుకొనదలచి బూట్‌లోడరు తాళం తీయించినా సాధారణంగా అదే గతి. చెడిన ఐఫోనును కంప్యూటరుకు తగిలించి సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించేటప్పుడు తెరమీద రెండు మీటలు కనబడతవి. అప్‌డేట్ అన్నది నొక్కితే సొత్తును చెరపకుండ సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించే ప్రయత్నం జరుగుతుంది. రిస్టోర్ అన్నది నొక్కితే సమస్తం చెరిగి ఫోను కొత్తదానివలె తయారవుతుంది. రిస్టోర్ అంటే తిరిగి రప్పించడమని అర్థం చెప్పుకొని, పోయినవన్నీ వస్తవనే ఆశతో నొక్కినవాడు ఉన్నవాటిని కూడ పోగొట్టుకొంటాడు. ఇటువంటి సందర్భాలలో యంత్రం అడిగినది, మనిషి సరే అన్నాడు. ఏమి అడిగినదో తెలిసికొనకుండ సరే అన్నాడు. అందుచేత నేరమంతా ఫోను మీద వేయడం న్యాయం కాదు.

చెరిగినదానిని రిపేరు దుకాణంవారు ఎట్లాగైనా బయటికి తీయగలరనే నమ్మకం ఇంకా చాలామందిలో ఉన్నది. పాత కంప్యూటర్లలోను, మెమరీ కార్డులలోను అది కొంతవరకు సాధ్యమే. వాటిలో చెరపడం అంటే తరచు విషయసూచికలోని పేరు కొట్టివేయడమే. పుటమీది వ్రాత కొంతకాలం అట్లాగే ఉంటుంది. నేటి ఫోను వేరు. అందులో సొత్తంతా గుప్తలిపిలో ఉంటుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో విడుదలయ్యే కొత్త ఫోనులన్నిటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి అయినది. ఐఫోనులో అంతకు చాలా ముందునుండి ఉన్నది. ఆ లిపిని విప్పే తాళపుచెవి ఫోను లోపలనే దాగి ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేసినప్పుడు అది నాశనమవుతుంది. తరువాత మిగిలినవాటిని ఎవరు చదివినా అర్థంలేని అంకెలే. ఫోను దొంగిలించినవాడు ఇంటి రహస్యాలు చదవకుండ కాపాడేది ఈ ఏర్పాటే. యజమానికి రెండవ అవకాశం లేకుండ చేసేదీ ఇదే. పెట్టెకు బలమైన తాళం వేసుకొన్నవాడు తాళపుచెవి విషయంలో రెట్టింపు జాగ్రత్త పడవలె.

అయితే ఈ భయంతో అప్‌డేటే వద్దని కూర్చుండవచ్చునా? కొందరు పెద్దలు అట్లా చేస్తున్నారు. అది కూడ నిర్దోషం కాదు. అప్‌డేటులో వచ్చేవి కొత్త హంగులు మాత్రమే కావు. దొంగలు దూరగల కన్నాలకు వేసే మరమ్మతులు కూడ అందులోనే వస్తవి. ఫోను విషయం కాక కంప్యూటరు విషయమైనా, 2017 నాటి సంగతి ఇక్కడ చెప్పుకొనదగినది. ఆ యేడు మార్చిలో మైక్రోసాఫ్ట్ సంస్థ తన విండోస్‌లోని ఒక కన్నానికి మరమ్మతు పంపినది. దానిని వేసుకొనని కంప్యూటర్లను మే 12నుండి వాన్నాక్రై అనే దుష్ట సాఫ్ట్‌వేర్ దేశదేశాలలో పట్టుకొని, ఫైళ్ళకు తాళం వేసి, విడిపించడానికి డబ్బు అడిగినది. ఇంగ్లండులోని ప్రభుత్వ వైద్యశాలలు చిక్కులో పడినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత పడినవి. రెండు నెలల ముందే వచ్చిన మరమ్మతు వేసుకొని ఉంటే ఆ నష్టంలో చాలాభాగం తప్పేది.

మరొకవైపు, అప్‌డేటే ఇబ్బంది తెచ్చిన సందర్భాలూ లేకపోలేదు. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 14 వచ్చినప్పుడు, ఒకే ఫోనులో ఒకరికంటె ఎక్కువమందికి వేరువేరు ఖాతాలు ఏర్పరచుకొన్న కొందరి పిక్సెల్ ఫోనులలో లోపలి నిల్వ అందకుండ పోయినది. కొన్ని ఫోనులు ఆగడం, మళ్ళీ మొదలు కావడం, ఇదే పనిగా ఉండిపోయినవి. గూగుల్ సంస్థ లోపాన్ని ఒప్పుకొని నవంబరులో దిద్దుబాటు పంపినది. ఈలోపల విసిగి రీసెట్ చేసికొన్నవారికి, వేరొక ప్రతి లేకపోతే, ఆ దిద్దుబాటు వల్ల పోయినది రాదు. ఈ రెండు ఉదాహరణలను కలిపి చూస్తే దారి స్పష్టంగా ఉన్నది. అప్‌డేటు చేయవలె, చేయడానికి ముందు ప్రతి తీసి పెట్టుకొనవలె.

ఇక "మన రాత" అనే మాట. పోయినది తన సొంతమే అయితే ఆ మాటతో ఒకడు సరిపెట్టుకొనవచ్చును. కాని ఫోనులో ఉన్నదంతా సొంతమా? ఒక చిల్లరకొట్టును ఉదాహరణగా తీసికొనవచ్చును. ఇండ్లలో పాచిపని చేసుకొనే ఒక ఆమె పండుగ సరుకుల కోసం నెలకు రెండు వందల చొప్పున కొట్టులో దాచుకొంటున్నది. రసీదు లేదు, షావుకారు మీది నమ్మకమే రసీదు. అతడు ఆ పద్దులను ఫోనులో వ్రాసుకొంటున్నాడు. ఒకనాడు ఫోను బాగుచేయించేటప్పుడు అంతా చెరిగిపోయినది. పదకొండు నెలలు కట్టిన ఆమె, సరిగా గుర్తులేక, "తొమ్మిది నెలలు కట్టినానేమో, అయ్యా" అంటున్నది. షావుకారుకు కూడ గుర్తులేదు. అతడు "సరే, తొమ్మిదే" అంటే ఆమెకు నాలుగు వందలు పోయినవి. అతడు దొంగ కాడు. అయినా ఆమె డబ్బు అతని గల్లాలో ఉండిపోయినది.

తత్త్వార్థ సూత్రం సత్యవ్రతానికి చెప్పిన అతిచారాలలో న్యాసాపహారం ఒకటి. న్యాసమంటే ఒకరు నమ్మి మరొకరివద్ద దాచుకొన్న సొత్తు. పాత తెలుగులో దీనినే ఇల్లడ అన్నారు. దాచుకొన్నవాడు మొత్తం మరచి తక్కువ అడిగినప్పుడు, అసలు సంగతి తెలిసి కూడ ఊరకుండి అంతే ఇచ్చివేయడం ఈ దోషమని వ్యాఖ్యాతలు వివరించినారు. దీనిని దొంగతనం కింద కాక సత్యం కింద చేర్చడం గమనించదగినది. లెక్క ఉన్నదున్నట్లు చెప్పడం సత్యానికి చెందిన పని అని దీనివల్ల తెలుస్తున్నది. పై షావుకారుకు అసలు సంగతి తెలియదు గనుక ఆ దోషం పూర్తిగా అంటదు. కాని ఆ తెలియని స్థితిని తెచ్చిపెట్టినది ఎవరు? నేటి వాడుకలో ప్రమాదం అంటే అనుకొనకుండ వచ్చిపడే ఆపద. ఆ మాటకు మొదటి అర్థం ఏమరుపాటు. ఫోను చెరిగిపోవడం కొత్త అర్థంలో ప్రమాదంగా కనబడుతుంది. అరగంట వెచ్చించి ప్రతి తీసికొనకపోవడం పాత అర్థంలో ప్రమాదమే. మొదటిదానికి అతడు బాధ్యుడు కాకపోవచ్చును. రెండవదానికి అతడే బాధ్యుడు.

మూడవది వైరాగ్యపు మాట. ఇది పైరెండింటికంటె గౌరవంగా వినిపిస్తుంది గనుక మరింత జాగ్రత్తగా చూడవలె. త్యాగం అంటే చేతిలో ఉన్నదానిని, దాని విలువ తెలిసి, తన ఇష్టంతో విడవడం. ఫోను చెరిగిన తరువాత చెప్పే వైరాగ్యంలో ఈ మూడూ లేవు. వస్తువు చేతిలో లేదు. ఏమేమి పోయినవో పూర్తిగా తెలియదు. ఇష్టపడి విడిచినదీ లేదు. పైగా తనది కానిదానిని త్యాగం చేసే అధికారం ఎవరికీ ఉండదు. తండ్రి కంఠస్వరం కొడుకు ఫోనులో ఉంటే, అందులో చెల్లెలికి కూడ భాగమున్నది. "నాకు మమకారం లేదు" అని అతడు తన పక్షాన అనవచ్చును. ఆమె పక్షాన అనలేడు.

చనిపోయినవారి ఫోను విషయంలో మరొక సంగతి కూడ తెలిసి ఉండవలె. రెండు సంవత్సరాలపాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని ఫోటోలతోసహా, తొలగించవచ్చునని గూగుల్ సంస్థ నియమం పెట్టి, 2023 డిసెంబరునుండి అమలు మొదలుపెట్టినది. కాబట్టి తండ్రి ఫోనును పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టినంతమాత్రాన ఆయన జ్ఞాపకాలు భద్రమైనట్లు కాదు. వాటిని బయటికి తీసి, భాగస్థులందరికి ప్రతులు పంచి, ఆ తరువాత ఆ ఫోనును ఏమి చేసినా దోషం లేదు.

అయినా ఆ వైరాగ్యపు మాటలో ఒక సత్యం దాగి ఉన్నది. ఫోనులలో కూడబెడుతున్నదానిలో ఎక్కువభాగం ఎవరికీ పనికిరాదు. ఉదయం పూట వచ్చే శుభోదయపు బొమ్మలు, ఒకే దృశ్యానికి పది ఫోటోలు, ఎవరో పంపగా ఎవరూ చూడని వీడియోలు వేలకు వేలు పేరుకొంటవి. ఈ కూడబెట్టడం వల్ల కలిగే మొదటి హాని, ఉంచదగినదాని ప్రతి కూడ నిలిచిపోవడం. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే స్థలం 15 జీబీ. ఆపిల్ ఐక్లౌడులో 5 జీబీ. 2021 జూన్ 1కి ముందు గూగుల్ ఫోటోస్‌లో కొంత తగ్గించిన నాణ్యతతో ఎన్ని ఫోటోలైనా ఉచితంగా ఉంచుకొనగలిగేవారు. ఆనాటినుండి కొత్తగా చేరేవన్నీ ఆ 15 జీబీలోనే లెక్కకు వస్తున్నవి. ఆండ్రాయిడ్ ఫోనులలోని వాట్సాప్ ప్రతులు కూడ 2024నుండి అందులోనే లెక్కకు వస్తున్నవి. స్థలం నిండగానే ప్రతి తీయడం ఆగిపోతుంది. ఒక చిన్న హెచ్చరిక వస్తుంది. దానిని ఎవరూ చదవరు. ఏడాది తరువాత చూస్తే చివరి ప్రతి ఏడాదినాటిదే. చెత్తను తెలిసి విడిచినవానికే విలువైనదానిని నిలుపుకొనే చోటు మిగులుతుంది. అపరిగ్రహం ఇక్కడ ప్రతి తీయడానికి అడ్డురాక, తోడ్పడుతున్నది.

నిజమైన ప్రతి అంటే ఏమిటో కూడ తెలియవలె. ఫోనులోనే మరొకచోట దాచినది ప్రతి కాదు. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ గడచిన ఏడు రోజుల ప్రతులను ఫోను లోపలనే ఉంచుతుంది. ఫ్యాక్టరీ రీసెట్‌తో అవి కూడ పోతవి. అద్దంలోని బింబం కూడ ప్రతి కాదు. ఫోనులోను, క్లౌడులోను ఒకే ఫోటోల వరుస కనబడేటట్లు చేసే ఏర్పాటులో, ఇక్కడ చెరిపితే అక్కడ కూడ చెరుగుతుంది. ప్రతి తీసిన ఫోటోను చెరిపితే గూగుల్ ఫోటోస్ చెత్తబుట్టలో 60 రోజులు, ఐక్లౌడులో సుమారు 30 రోజులు ఉండి, తరువాత శాశ్వతంగా పోతుంది. అందుకే తెలిసినవారు మూడు, రెండు, ఒకటి అనే సూత్రం చెబుతారు. మొత్తం మూడు ప్రతులు. రెండు వేరువేరు రకాల సాధనాలమీద. ఒకటి వేరే చోట. చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు వ్రాసిన వర్తక కుటుంబాలకు ఇది కొత్త మాట కాదు. ఆవర్జా పోతే చిట్టానుండి దానిని మళ్ళీ వ్రాసుకొనవచ్చును. కాని రెండూ ఒకే పెట్టెలో ఉండి ఆ పెట్టె కాలిపోతే ఏమీ చేయలేరు.

ఒకేచోట ఉన్న ప్రతి ఎంత దుర్బలమో ధవళా గ్రంథచరిత్ర చెబుతున్నది. షట్ఖండాగమానికి వీరసేనాచార్యులు రచించిన ఆ వ్యాఖ్య తాళపత్రాలు శతాబ్దాలపాటు కర్ణాటకంలోని మూడబిదరెలో మాత్రమే నిలిచినవి. ఒక్క అగ్గిరవ్వ చాలు, ఒక్క వరుస చెదలు చాలు, ఆ జ్ఞానం లోకంలో లేకుండ పోవడానికి. 19వ శతాబ్దం చివర ప్రతులు వ్రాయించే పని మొదలై, 1939లో హీరాలాల్ జైన్ సంపాదకత్వంలో మొదటి సంపుటం అచ్చైన తరువాత ఆ భయం తగ్గినది. అన్నాళ్ళు కాపాడినవారి భక్తిని తక్కువ చేయడానికి వీలులేదు. అయితే కాపాడడంలో ప్రతి వ్రాయించడం కూడ ఒక భాగమని ఆ చరిత్ర వల్ల తెలుస్తున్నది.

తాళపుచెవి పోయిన ప్రతి కూడ ప్రతి కాదు. వాట్సాప్ 2021లో తన ప్రతులకు గుప్తలిపి రక్షణ ఇచ్చినది. దానిని ఎన్నుకొన్నవారు ఒక రహస్యపదం గాని, 64 అంకెల తాళపుచెవి గాని పెట్టుకొన్నారు. ఫోను చెరిగిన తరువాత అది గుర్తులేకపోతే ఆ ప్రతిని సంస్థవారు కూడ తెరవలేరు. వ్యాపారపు ఖాతాలకు క్షణక్షణం మారే అంకెలనిచ్చే గూగుల్ అథెంటికేటర్ యాప్ 2023 ఏప్రిల్‌కు ముందు ఆ రహస్యాలను ఫోనులో మాత్రమే ఉంచేది. ఫోను చెరిగితే ఆ ఖాతాల తలుపులు మూసుకొనేవి. ఇంటిపెద్ద ఒక్కడే అన్ని రహస్యపదాలను తన జ్ఞాపకంలో పెట్టుకొనడం కూడ ఇటువంటి దోషమే. అతడు మంచం పట్టిననాడు భార్యాపిల్లలకు తమ సొత్తే అందదు. కాగితంమీద వ్రాసి, కవరులో మూసి, ఇనుపపెట్టెలో పెట్టి, ఆ సంగతి నమ్మకమైన ఇద్దరికి చెప్పడం కొత్తకాలపు సమస్యకు పాతకాలపు మందు.

ఇన్ని మాటలు ఆచరణలో ఒక పూట పని. సాఫ్ట్‌వేర్ మార్చదలచినవాడు మొదట చివరి ప్రతి ఏ తేదీదో చూడవలె. ఫోటోలను, బిల్లులను కంప్యూటరులోనికో హార్డ్ డిస్కులోనికో ఎక్కించి, ఎక్కినవని నమ్మి ఊరకుండక, వాటిలో పది తెరచి చూడవలె. పేర్ల పట్టిక ఖాతాలో చేరినదో లేదో మరొక పరికరంలో చూచుకొనవలె. అరువు ఖాతాను యాప్‌లోనుండి బయటికి తీసి, వీలైతే అచ్చు వేయించి పెట్టవలె. రహస్యపదాలు, సిమ్ము నంబరు అందుబాటులో ఉన్నవో చూడవలె. ఫోనులో ఛార్జి నిండుగా ఉండవలె. అప్పుడే మీట నొక్కవలె. పని ముగిసిన తరువాత వాట్సాప్ పాత ప్రతిని తిరిగి తీసికొనమంటారా అని అడుగుతుంది; తొందరపడి దాటవేయరాదు. దాటవేసి వాడడం మొదలుపెడితే, తరువాత తీసే కొత్త ప్రతి పాతదాని స్థానంలో చేరుతుంది. పాత ఫోనును అమ్మవలసి ఉంటే, కొత్తదానిలో అన్నీ వచ్చినవని నిర్ధారించుకొన్న తరువాతనే చెరపవలె.

ఈ పనిని తరచు ఇంటిలోని కుర్రవాడో, రిపేరు దుకాణంలోని పనివాడో చేస్తాడు. అతని ధర్మం కూడ ఒకటి ఉన్నది. సమస్తం చెరిగిపోతుందనే హెచ్చరిక తెరమీద ఇంగ్లీషులో వస్తుంది. కన్నడదేశంలోనో తమిళదేశంలోనో ఉన్న దుకాణంలో ఆ పనివాడు దానిని తన భాషలో చెబుతాడు. తెలుగు మాత్రమే బాగా తెలిసిన ముసలి తల్లి, నలుగురిలో అడగడానికి మొగమాటపడి, "కానీయి నాయనా" అంటుంది. అర్థం కాని ప్రశ్నకు చెప్పిన "కానీయి" అనుమతి అనిపించుకొనదు. తెలిసినవాడు ఆమెకు అర్థమయ్యే మాటలలో, "అమ్మా, ఇందులో నాన్నగారి ఫోటోలున్నవా? మరొకచోట ఉంచుకొన్నారా?" అని అడిగి, జవాబు వచ్చేవరకు చేయి ఆపవలె. ఆ రెండు నిమిషాల ఓపిక తరువాత ఎంత డబ్బు పెట్టినా దొరకదు.

చట్టం కూడ ఈ విషయంలో మౌనంగా లేదు. కేంద్ర జీఎస్టీ చట్టం 36వ సెక్షను ప్రకారం లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్నుకు గడువైన తేదీనుండి 72 నెలలు భద్రపరచవలె. 2017 నాటి జీఎస్టీ నియమాలలో 57వది, ఎలక్ట్రానిక్ లెక్కలు దుర్ఘటనలవల్ల గాని ప్రకృతి కారణాలవల్ల గాని నశిస్తే తగిన కాలంలో తిరిగి తీయగలిగేటట్లు ప్రతి ఉంచవలెనని చెబుతున్నది. అయితే చట్టం చూచేది రిటర్నులలోనికి వచ్చే లెక్కలను. పాచిపని చేసుకొనే ఆమె నెలకు రెండు వందలు ఏ రిటర్నులోను కనబడవు. వాటిని చూచేది షావుకారు మనస్సే. 2011నుండి మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా కొందరు పాటిస్తున్నారు. ఆర్థిక సంవత్సరం ముగిసే ఆ రోజును వర్తకులకు వేరే గుర్తుచేయనక్కరలేదు. లెక్కలు తేల్చే చేతులతోనే ఆనాడు ఇంటిలోని ఫోనులన్నిటికి ప్రతులు తీయించే ఆచారం పెట్టుకొంటే, ఏడాదికి ఒకమారైనా ఆ పని జరుగుతుంది.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కొక్కప్పుడు పోవడం తప్పదు. పోయిన తరువాత నడవడి ఎట్లా ఉండవలె? న్యాసాపహారాన్ని చెప్పిన ఆ వరుసలోనే కూటలేఖ, అంటే దొంగవ్రాత, కూడ ఉన్నది. జ్ఞాపకంమీద ఊహించి వ్రాసిన లెక్కను అసలు లెక్కగా చూపడం ఆ దోషంలోనికే దిగుతుంది. అటువంటి పుటపైన "జ్ఞాపకంమీద వ్రాసినది" అని గుర్తు పెట్టడానికి సిగ్గుపడనక్కరలేదు. బ్యాంకు ద్వారా నడచిన పద్దులను బ్యాంకునుండి తెప్పించుకొనవచ్చును. సరుకు పంపినవారి పుస్తకాలతో సరిచూచుకొనవచ్చును. నోటిమాటమీద నడచిన చిన్న పద్దుల విషయంలో మాత్రం, లెక్క పోయినదని ముందుగా చెప్పి, అనుమానమున్నచోట ఎదుటివారికే ఎక్కువ జమకట్టడం న్యాయం. ఆ షావుకారు, "అమ్మా, నా లెక్క పోయినది, పన్నెండు నెలలకూ సరుకు తీసుకో" అంటే అతనికి రెండు వందలు ఖర్చు. ఆ మరునాడే ఫోనుకు ప్రతి తీయించుకొంటే, వచ్చే యేడు ఆ ఖర్చు కూడ ఉండదు.